పౌండు తేయాకుకు మూడు పెన్నీలు: అమెరికా వలసల్లో ఒక సుంకం చెడిన తీరు

పరోక్ష పన్నుల శాఖలో చాలా ఏళ్లు పనిచేసి, ఆ తరువాత కొత్తగా చేరిన అధికారులకు పాఠాలు చెప్పే పనిలో ఉన్నవాణ్ణి. తరగతిలో నేను తరచూ తీసుకునే కేసు మన దేశానిది కాదు, మన కాలానిదీ కాదు. 1764 నుంచి 1773 వరకు ఉత్తర అమెరికాలోని బ్రిటిష్ వలసల్లో లండన్ ప్రభుత్వం వేసిన పన్నులు, అక్కడ తరతరాలుగా స్థిరపడిన వలసదారులకు సామ్రాజ్యం మీద కసి పుట్టించిన వైనమే ఆ కేసు. ఇందులో పన్ను రేటు ఎక్కడా పెద్దది కాదు. రెండు ముఖ్యమైన సందర్భాల్లోనైతే అంతకుముందున్న రేటును తగ్గించారు కూడా. అయినా పన్ను నిలవలేదు, చివరికి పన్ను వేసిన అధికారమూ నిలవలేదు. రేటు సబబుగా ఉంటే చెల్లింపుదారు ఎలాగో సర్దుకుంటాడని నమ్మే అధికారి చేత ముందుగా చదివించవలసిన కేసు ఇది.

ప్రాతినిధ్యం లేకుండా పన్ను వేయకూడదన్న నినాదాన్ని పాఠ్యపుస్తకాల్లో అందరం చదువుకున్నాం. నినాదం తప్పు కాదు, కాని వసూలు యంత్రాంగం లోపలి నుంచి చూసేవారికి అది చాలదు. ఆ పన్నును ఏ డబ్బులో కట్టాలి, తగాదా వస్తే ఏ కోర్టుకు పోవాలి, జప్తు చేసిన సరుకులో ఎవరికి వాటా, వచ్చిన రాబడి ఎవరి జీతానికి పోతుంది అన్న నాలుగు ప్రశ్నలకు లండన్ ఇచ్చిన జవాబులే ఆ నినాదానికి బలం పోశాయని నా అభిప్రాయం.

అప్పుల ఖజానా

1756 నుంచి 1763 దాకా ఫ్రాన్సుతో సాగిన యుద్ధంలో బ్రిటన్ గెలిచింది, కెనడాను దక్కించుకుంది, అప్పుల్లో మునిగింది. యుద్ధానికి ముందు సుమారు 7.5 కోట్ల పౌండ్లున్న జాతీయ రుణం యుద్ధం ముగిసేసరికి 13 కోట్లు దాటింది. కొత్తగా వచ్చిన భూభాగాలను కాపాడడానికి అమెరికాలో దాదాపు 10,000 మంది సైనికులను ఉంచాలని నిర్ణయించారు. దానికి ఏటా రెండు లక్షల పౌండ్లకు పైగా ఖర్చవుతుందని లెక్క వేశారు. ఇంగ్లండులో అప్పటికే పన్నులు నెత్తికెక్కి కూర్చున్నాయి. 1763లో ఆపిల్ సారా మీద వేసిన పన్నుకు అక్కడి పల్లెల్లోనే అల్లర్లు జరిగాయి. ఒక అంచనా ప్రకారం బ్రిటన్‌లో తలకు ఏడాదికి 26 షిల్లింగుల పన్ను పడుతుండగా, మసాచుసెట్స్‌లో అది ఒక్క షిల్లింగు. అమెరికా రక్షణ ఖర్చులో కొంత భాగాన్ని అమెరికావాళ్లే భరించాలని ప్రధానమంత్రి జార్జ్ గ్రెన్‌విల్ అనుకోవడంలో అన్యాయం కనిపించదు. అతని స్థానంలో ఉంటే నేనూ అలాగే అనుకునేవాణ్ణేమో.

అతడు కస్టమ్స్ ఖాతా తెరిపించి చూశాడు. అమెరికా రేవుల్లో సుంకాల రూపంలో ఏటా వస్తున్నది సుమారు 2,000 పౌండ్లు, దాన్ని వసూలు చేయడానికి అవుతున్న ఖర్చు సుమారు 8,000 పౌండ్లు. ఉద్యోగం సంపాదించుకున్న కలెక్టర్లు చాలామంది ఇంగ్లండులోనే కూర్చుని జీతం తింటూ, అమెరికాలో తక్కువ డబ్బుకు బదిలీ మనిషిని పెట్టుకునేవారు. ఆ బదిలీ మనిషి లంచం మీద బతికేవాడు.

సగానికి తగ్గిన సుంకం

ఇక్కడి నుంచి అసలు కేసు మొదలవుతుంది. న్యూ ఇంగ్లండు వలసల్లో రమ్ము బట్టీలు పెద్ద పరిశ్రమ. వాటికి కావలసిన మొలాసిస్, అంటే చెరకు మడ్డి, వెస్టిండీస్‌లోని ఫ్రెంచి దీవుల్లో చౌకగా దొరికేది. బ్రిటిష్ దీవుల తోటల యజమానుల ఒత్తిడి మీద పార్లమెంటు 1733లోనే ఈ విదేశీ మడ్డి మీద గాలనుకు ఆరు పెన్నీల సుంకం వేసింది. (12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌండు.) ఆ సుంకం నిజంగా వసూలైతే బట్టీలు మూతపడతాయి కాబట్టి ఎవరూ కట్టలేదు. రేవు అధికారి చేతిలో అంతకంటే చాలా తక్కువ లంచం పెట్టి సరుకు దించుకునేవారు. ముప్పై ఏళ్లు ఇలాగే గడిచింది.

1764 ఏప్రిల్‌లో వచ్చిన చక్కెర చట్టం ఆ ఆరు పెన్నీలను మూడుకు దించింది. లండన్ లెక్కలో అది యాభై శాతం రాయితీ. బోస్టన్ వ్యాపారి లెక్కలో మాత్రం, చేతి నుంచి నిన్నటి వరకు పోతున్న లంచం పోయి దానికి రెట్టింపో ఇంకా ఎక్కువో వచ్చి పడింది. కాగితం మీది పాత రేటుతో కొత్త రేటును పోల్చేది అధికారి మాత్రమే. చెల్లింపుదారు తాను ఇంతకాలం నిజంగా చెల్లించిన దానితోనే పోలుస్తాడు. ఎన్నడూ అమలు కాని చట్టాన్ని తగ్గించి అమలు చేస్తే అది అతనికి కొత్త పన్నే.

అయితే రేటు కంటే ఎక్కువ చేదు అమలు నిబంధనల్లో ఉంది. సరుకు ఎక్కించక ముందే పూచీ పత్రాలు రాసివ్వాలి, ఒక్క కాగితం తక్కువైనా ఓడను, సరుకును జప్తు చేయవచ్చు. తగాదా వస్తే స్థానిక జ్యూరీ ముందుకు పోనక్కర లేకుండా నోవా స్కోషియాలోని హాలిఫాక్స్‌లో కొత్తగా పెట్టిన నౌకా న్యాయస్థానానికి కేసు తీసుకుపోవచ్చు. అక్కడ జ్యూరీ ఉండదు. సరుకు సక్రమమైనదని నిరూపించుకోవలసిన భారం యజమానిదే. అధికారి అనుమానానికి తగిన కారణం ఉందని న్యాయమూర్తి ఒక్క మాట రాసిస్తే, జప్తు తప్పని తేలినా ఆ అధికారి మీద నష్టపరిహారం దావా నడవదు. జప్తు సొమ్ములో మూడో వంతు రాజుకు, మూడో వంతు గవర్నరుకు, మూడో వంతు పట్టుకున్న అధికారికి. అంటే అధికారి తప్పు చేస్తే పోయేది ఏమీ లేదు, జప్తు నిలిస్తే వచ్చేది మాత్రం ఉంది. ఇటువంటి ఏర్పాటులో నిజాయితీపరుడైన అధికారి కూడా దోపిడీదారుగానే కనిపిస్తాడు. పట్టుబడి సొమ్ములో సిబ్బందికి పారితోషికం ఇవ్వడంలో ఉన్న ఈ ఇబ్బంది మా వృత్తిలో ఉన్నవారికి కొత్త కాదు.

అదే ఏడాది వచ్చిన ద్రవ్య చట్టం, న్యూ ఇంగ్లండుకు దక్షిణాన ఉన్న వలసల్లో కాగితం డబ్బును చట్టబద్ధ చెల్లింపు సాధనంగా విడుదల చేయడాన్ని ఆపింది. వెండి నాణేలకు ఎప్పుడూ కరవుగా ఉండే ప్రాంతం అది. యుద్ధం ముగిశాక వ్యాపారం మందగించి ఉంది. కొత్త పన్ను వేసి, అది కట్టడానికి పనికొచ్చే డబ్బును అదే ఏడాది బిగించడం కన్నా పెద్ద తెలివితక్కువ పనిని నా అనుభవంలో చూడలేదు.

స్టాంపు కాగితం

1765 మార్చి 22న స్టాంపు చట్టం వచ్చింది, నవంబరు 1 నుంచి అమలు. దస్తావేజులు, కోర్టు కాగితాలు, ఓడ పత్రాలు, పత్రికలు, పంచాంగాలు, పేక దస్తాలు, పాచికలు అన్నీ లండన్ నుంచి వచ్చిన ముద్ర కాగితం మీదనో, ముద్ర వేయించుకునో ఉండాలి. పత్రిక ప్రతికి సగం పెన్నీ నుంచి పెన్నీ దాకా, ప్రకటనకు రెండు షిల్లింగులు, పేక దస్తాకు ఒక షిల్లింగు, పాచికల జతకు పది షిల్లింగులు, న్యాయవాది పట్టాకు పది పౌండ్లు. రాబడి అంచనా ఏటా 60,000 పౌండ్ల చుట్టుపక్కల.

స్టాంపు పన్ను అన్నది వలసదారులకు తెలియనిది కాదు. మసాచుసెట్స్ శాసనసభ 1755లో, న్యూయార్క్ ఆ మరుసటి ఏడాది, యుద్ధ ఖర్చుల కోసం తామే స్టాంపు పన్నులు వేసుకున్నాయి. అప్పుడు ఎవరి ఇల్లూ కూలలేదు. పదేళ్లలో అదే రకం పన్నుకు మసాచుసెట్స్ రాజధాని బోస్టన్ తగలబడినంత పనైంది కాబట్టి, కారణాన్ని పన్ను స్వభావంలో వెతకడం దండగ.

మొదటిది, చెల్లింపు బ్రిటిష్ స్టెర్లింగులో. రెండోది, స్టాంపు నేరాలను కూడా జ్యూరీ లేని నౌకా న్యాయస్థానాల్లో విచారించవచ్చు. ఓడతో, సముద్రంతో ఏ సంబంధమూ లేని వీలునామాకు ముద్ర లేదన్న తగాదాను నౌకా కోర్టుకు పంపడాన్ని ఏ ఇంగ్లీషువాడూ సహించడు. తాము ఇంగ్లీషువాళ్లమేనని అప్పటికి అమెరికావాళ్లు గట్టిగా నమ్ముతున్నారు. మూడోది, ఈ పన్ను పడింది ఎవరి మీద? న్యాయవాదులు, అచ్చు యజమానులు, సారాయి దుకాణదారులు, వర్తకులు. ఒకరు వాదించగలవారు, ఒకరు అచ్చు వేయగలవారు, ఒకరి దగ్గర ఊరంతా సాయంత్రం పోగవుతుంది. నోరున్న వర్గాలన్నిటినీ ఒకే చట్టంతో ఒకే రోజున మీదికి తెచ్చుకున్న ఘనత గ్రెన్‌విల్‌దే.

ఈ చట్టానికి ఇంత ప్రతిఘటన వస్తుందని అమెరికావాళ్లకే తెలియదన్నది ఆసక్తికరమైన విషయం. లండన్‌లో పెన్సిల్వేనియా ప్రతినిధిగా ఉన్న బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన మిత్రుడు జాన్ హ్యూస్‌కు స్టాంపు పంపిణీదారు ఉద్యోగం ఇప్పించాడు. తరువాత స్వాతంత్ర్య తీర్మానం ప్రవేశపెట్టిన రిచర్డ్ హెన్రీ లీ కూడా వర్జీనియాలో అదే ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినవాడే. మే నెలాఖరులో వర్జీనియా సభలో ప్యాట్రిక్ హెన్రీ ఈ పన్నుకు వ్యతిరేకంగా పెట్టిన తీర్మానాలు పత్రికల ద్వారా పాకాయి. ఆగస్టు 14న బోస్టన్‌లో పంపిణీదారు ఆండ్రూ ఆలివర్ దిష్టిబొమ్మను చెట్టుకు వేలాడదీశారు, అతని కట్టడాన్ని కూల్చారు. ఆగస్టు 26 రాత్రి ఉప గవర్నరు థామస్ హచిన్సన్ ఇంటిని గోడలు మిగిల్చి లోపలంతా ధ్వంసం చేశారు. హచిన్సన్ ఈ చట్టాన్ని లోలోపల వ్యతిరేకించినవాడు కావడం అతని దురదృష్టం. నవంబరు 1 వచ్చేసరికి తర్వాత స్వతంత్రమైన పదమూడు వలసల్లో దాదాపు ప్రతి పంపిణీదారూ రాజీనామా చేశాడు. జార్జియాలో తప్ప ఎక్కడా ముద్ర కాగితం అమ్ముడుపోలేదు. పన్ను వసూలును స్థానికుల చేత చేయిస్తే కోపం తగ్గుతుందన్న ఆలోచన తలకిందులైంది. లండన్‌లో ఉన్న మంత్రిని వలసదారు ఏమీ చేయలేడు, పక్క వీధిలో ఉన్న పంపిణీదారుణ్ణి చేయగలడు.

జమైకా, బార్బడోస్ దీవుల్లోని తెల్ల తోటదారులు మాత్రం గొణుక్కుంటూనే స్టాంపు పన్ను కట్టారు. తమకంటే ఎన్నో రెట్లున్న బానిసల మధ్య బతుకుతున్న వారికి బ్రిటిష్ సైన్యం రోజువారీ అవసరం. ఫ్రెంచి భయం తొలగిన బోస్టన్‌కు అదే సైన్యం అనవసరపు ఖర్చు. ఖర్చు దేనికో చెల్లింపుదారుకు కనిపించడం, కనిపించకపోవడం మధ్య ఇంత తేడా ఉంది. ఇంకొక మాట కూడా చెప్పి ముందుకు పోవాలి. పార్లమెంటు తమను బానిసలుగా చేస్తోందని కేకలు వేసిన వర్జీనియా పెద్దలు స్వయంగా బానిసల యజమానులు. అపలేచియన్ కొండల పడమట ఆదిమ తెగల భూముల్లోకి పోవద్దన్న 1763 నాటి రాజ ప్రకటన కూడా వారి కోపానికి ఒక కారణం. ఈ కేసులో చెల్లింపుదారు అమాయకుడేమీ కాదు.

ప్రాతినిధ్యం మీద వాదన

చట్టం ముసాయిదా రాసిన ఖజానా కార్యదర్శి థామస్ వేట్లీ వాదన ఇది. మాంచెస్టర్, బర్మింగ్‌హామ్ వంటి పట్టణాలకు కూడా పార్లమెంటులో సభ్యులు లేరు, అయినా ప్రతి సభ్యుడూ మొత్తం సామ్రాజ్యానికి ప్రతినిధే కాబట్టి అమెరికాకు కూడా ప్రాతినిధ్యం ఉన్నట్టే. మేరీల్యాండ్ న్యాయవాది డేనియల్ డులానీ దీనికి ఇచ్చిన జవాబు పన్ను అధికారి గుర్తుంచుకోదగినది. ఓటు లేని మాంచెస్టర్ వ్యక్తి మీద పడే పన్ను ఓటున్న పొరుగువాడి మీద, సభలో కూర్చున్న సభ్యుడి మీద కూడా పడుతుంది, అందుకే వాడికి రక్షణ ఉంది. అమెరికా మీద వేసే పన్ను సభ్యుల్లో ఒక్కరి మీదా పడదు, పైగా ప్రతి పెన్నీ వారి భారాన్ని తగ్గిస్తుంది.

ఇది ఊహ కాదని రెండేళ్లలో తేలింది. 1767లో పార్లమెంటులోని భూస్వాములు తమ భూమి పన్నును పౌండుకు నాలుగు షిల్లింగుల నుంచి మూడుకు తగ్గించుకున్నారు. ఖజానాకు ఏటా సుమారు అయిదు లక్షల పౌండ్లు పోయింది. అదే ఏడాది ఆర్థిక మంత్రి చార్లెస్ టౌన్‌షెండ్ అమెరికా మీద కొత్త సుంకాలు వేశాడు, వాటి మీద రాబడి అంచనా 40,000 పౌండ్లు. అదే ఏడాది ఈస్టిండియా కంపెనీ తన భారతీయ భూభాగాల రాబడి నుంచి ఏటా నాలుగు లక్షల పౌండ్లు ప్రభుత్వానికి కట్టడానికి ఒప్పుకుంది. ఈ మూడు అంకెలను నల్లబల్ల మీద పక్కపక్కన రాసినప్పుడు తరగతిలో కాసేపు ఎవరూ మాట్లాడరు.

అంతకుముందు స్టాంపు చట్టం 1766 మార్చి 18న రద్దయింది. సరుకు ఆర్డర్లు ఆగిపోయి దెబ్బతిన్న బ్రిటిష్ వర్తకుల మొర అందుకు ముఖ్య కారణం. అదే రోజు, వలసలను అన్ని విషయాల్లోనూ శాసించే హక్కు తమకుందని ప్రకటిస్తూ పార్లమెంటు మరో చట్టం చేసింది. మొత్తుకుంటే పన్ను పోతుందని వలసదారులకు, హక్కును ఒకసారి నిలబెట్టి తీరాలని లండన్‌కు ఆ ఒక్క రోజే నేర్పింది.

గవర్నరు జీతం

టౌన్‌షెండ్ సుంకాలు గాజు, సీసం, రంగులు, కాగితం, తేయాకు మీద. రేవులో కట్టే దిగుమతి సుంకాలైతే అమెరికావాళ్లు అభ్యంతరం చెప్పరని అతని లెక్క. ఫ్రాంక్లిన్ పార్లమెంటు ముందు అలాంటి మాటే చెప్పి ఉన్నాడు. కాని వ్యాపారాన్ని క్రమబద్ధం చేసే సుంకం వేరు, రాబడి కోసమే వేసే సుంకం వేరని పెన్సిల్వేనియా న్యాయవాది జాన్ డికిన్సన్ వెంటనే తేల్చిచెప్పాడు. అసలు ముల్లు రాబడి వినియోగంలో ఉంది. ఆ డబ్బుతో అమెరికాలోని గవర్నర్లకు, న్యాయమూర్తులకు జీతాలిస్తారు. అప్పటివరకు మసాచుసెట్స్ వంటి వలసల్లో గవర్నరు జీతాన్ని ఏ ఏటికా ఏడు మంజూరు చేసేది స్థానిక శాసనసభ. గవర్నరు మీద సభకున్న పట్టు ఆ జీతం ఒక్కటే. ఇప్పుడు తమ డబ్బుతోనే తమ పట్టు తెగుతోంది.

బోస్టన్‌లో కూర్చున్న కొత్త కస్టమ్స్ కమిషనర్ల బోర్డు 1768 జూన్‌లో వర్తకుడు జాన్ హాన్‌కాక్ ఓడ లిబర్టీని జప్తు చేసింది. జనం తిరగబడితే కమిషనర్లు యుద్ధనౌకలోకి పారిపోయారు. అక్టోబరులో సైన్యం దిగింది. 1770 మార్చి 5న సైనికుల కాల్పుల్లో అయిదుగురు చనిపోయారు. వర్తకులు బ్రిటిష్ సరుకు తెప్పించడం మానేయడంతో న్యూయార్క్‌కు వచ్చే దిగుమతులు ఒక్క ఏడాదిలో సుమారు 4.8 లక్షల పౌండ్ల నుంచి 75,000 పౌండ్లకు పడిపోయాయి. లండన్ మంత్రివర్గం సుంకాలన్నీ ఎత్తివేయాలా, తేయాకు సుంకం ఉంచాలా అని 1769 మే 1న ఓటు వేసింది. అయిదుగురు ఉంచాలన్నారు, నలుగురు వద్దన్నారు. ఆ ఒక్క ఓటుతో పౌండు తేయాకుకు మూడు పెన్నీలు మిగిలిపోయాయి.

తేయాకులో మన ఉత్తర సర్కారులు

ఈ కథలోకి తెలుగు నేల ఒక పక్క నుంచి వస్తుంది. 1765లో ఈస్టిండియా కంపెనీకి బెంగాల్ దివానీతో, అంటే అక్కడి పన్నుల వసూలు హక్కుతో పాటు ఉత్తర సర్కారుల మీద కూడా మొగలు చక్రవర్తి ఫర్మానా దక్కింది. మరుసటి ఏడాది నవంబరులో నిజాం అలీ ఖాన్‌తో ఒప్పందం కుదిరి రాజమండ్రి, ఏలూరు, శ్రీకాకుళం సర్కారులు కంపెనీ కిందికి వచ్చాయి. ఆ ఒప్పందంలో నిజాంకు సైనిక సహాయం ఇస్తామన్న మాట కంపెనీని హైదర్ అలీతో యుద్ధంలోకి లాగింది. 1769లో హైదర్ మద్రాసు గుమ్మం దాకా వచ్చాడన్న వార్త లండన్ చేరగానే కంపెనీ వాటాల ధర కుప్పకూలింది. దాని మీద బెంగాల్ కరవు, 1772 నాటి పరపతి సంక్షోభం. కంపెనీ లండన్ గిడ్డంగుల్లో 1.7 కోట్ల పౌండ్లకు పైగా తూకంగల చైనా తేయాకు పేరుకుపోయింది. అమెరికావాళ్లు తాగుతున్నది ఎక్కువగా దొంగచాటున వచ్చిన డచ్చి తేయాకు.

1773 మే నెలలో వచ్చిన తేయాకు చట్టం కంపెనీని గట్టెక్కించడానికి చేసినది. ఇంగ్లండులో కట్టిన సుంకమంతా వాపసు, మధ్య దళారులు లేకుండా కంపెనీయే నేరుగా అమెరికాలోని తన ఏజెంట్లకు పంపుకునే వీలు. దీంతో సక్రమమైన తేయాకు దొంగ సరుకు కంటే చౌకవుతుంది. అమెరికాలో వేసే మూడు పెన్నీలు కూడా తీసేయమని ప్రతిపక్ష సభ్యుడు విలియం డౌడ్స్‌వెల్ సభలోనే ప్రధాని నార్త్‌ను అడిగాడు. నార్త్ ఒప్పుకోలేదు. గవర్నర్లకు, న్యాయమూర్తులకు జీతాలు ఆ సుంకం నుంచే పోతున్నాయి.

బోస్టన్ రేవులో ఇరవై రోజులు

డార్ట్‌మత్ ఓడ 1773 నవంబరు 28న బోస్టన్ చేరింది, తరువాత ఎలినోర్, బీవర్ వచ్చాయి. ఓడ రేవు పద్దులోకి ఎక్కాక ఇరవై రోజుల్లో సుంకం కట్టకపోతే కస్టమ్స్ సరుకును జప్తు చేయవచ్చు. జప్తు చేసి వేలం వేస్తే సుంకం ఆ సొమ్ములో నుంచి రాబట్టుకుంటారు. సరుకు దించకుండా, సుంకం కట్టకుండా ఓడ వెనక్కి పోవడానికి అనుమతి లేదు. ఫిలడెల్ఫియాకు వచ్చిన ఓడ రేవు పద్దులోకి ఎక్కకముందే తిరిగిపోయింది కాబట్టి అక్కడ చిక్కు రాలేదు. చార్లెస్టన్‌లో కస్టమ్స్ తేయాకును జప్తు చేసి గిడ్డంగిలో తాళం పెట్టింది. బోస్టన్‌లో రెండు దారులూ మూసుకుపోయాయి. డార్ట్‌మత్ యజమాని ఫ్రాన్సిస్ రాచ్ గడువుకు ఒక రోజు ముందు, డిసెంబరు 16న, అప్పటికి గవర్నరైన హచిన్సన్ దగ్గరకు వెళ్లి ఓడ వెనక్కి పోయేందుకు అనుమతి అడిగాడు. హచిన్సన్ నిరాకరించాడు. కంపెనీ నియమించిన తేయాకు ఏజెంట్లలో ఇద్దరు అతని కొడుకులే. ఆ రాత్రి 342 పెట్టెలు నీటిలో పడ్డాయి. సుంకం ఏ రూపంలోనూ వసూలు కాకుండా చేయడానికి ఆ ఊరివాళ్లకు అదొక్కటే మార్గం మిగిలింది.

నీటిపాలైన తేయాకు దాదాపు 92,000 పౌండ్ల తూకం. కంపెనీ చెప్పిన నష్టం 9,659 పౌండ్లు. మూడు పెన్నీల చొప్పున దాని మీద రావలసిన సుంకం లెక్క కడితే 1,150 పౌండ్లు. ఆ సుంకాల నుంచి హచిన్సన్‌కు ముడుతున్న జీతం ఏడాదికి 1,500 పౌండ్లు. పట్టుబట్టి రేవులో ఆపిన మూడు ఓడల సుంకమంతా కలిపినా అతని ఒక్క ఏడాది జీతానికి చాలదు.

1774లో పార్లమెంటు బోస్టన్ రేవును మూసేసింది, మసాచుసెట్స్ పాలనా పత్రాన్ని మార్చేసింది. అంతవరకు బోస్టన్ అల్లరిని చూసి ముఖం చిట్లించిన వలసలు కూడా సెప్టెంబరులో ఫిలడెల్ఫియాలో కూడాయి. 1775 ఏప్రిల్ 19న మసాచుసెట్స్‌లోని లెక్సింగ్టన్‌లో తుపాకులు పేలి యుద్ధం మొదలైంది. చార్లెస్టన్ గిడ్డంగిలోని తేయాకును 1776లో అక్కడి కొత్త ప్రభుత్వం అమ్మి తన ఖర్చులకు వాడుకుంది.

1778లో పార్లమెంటు మరొక చట్టం చేసింది. ఇకమీదట రాబడి కోసం అమెరికా వలసల మీద పన్ను వేయమని, వ్యాపార క్రమబద్ధీకరణకు వేసే సుంకాల మీద వచ్చే డబ్బును ఆ వలసల అవసరాలకే, వారి సభలు చెప్పినట్టే ఖర్చు చేస్తామని అందులో రాసింది. డికిన్సన్ పదేళ్ల కిందట అడిగింది దాదాపు అదే. ఆ మాట చెప్పడానికి లండన్ పంపిన కమిషనర్లు జూన్ మొదట్లో ఫిలడెల్ఫియా చేరేసరికి, వారిని కాపాడవలసిన బ్రిటిష్ సైన్యం ఊరు ఖాళీ చేయడానికి సామాన్లు సర్దుకుంటోంది. కమిషనర్లు కూడా దానితోపాటే బయలుదేరవలసి వచ్చింది.